గాలి తీస్తేనే కదిలే బండి

దుబాయి నుంచి హత్తా వెళ్లే దారిలో, లహ్‌బాబ్ దగ్గర తారు రోడ్డు వదిలి ఎర్ర ఇసుకలోకి దిగే చోట సాయంత్రమైతే లాండ్ క్రూయిజర్లు వరసకట్టి ఆగుతాయి. డ్రైవర్లు దిగి, ఒక్కో చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, వాల్వు మూత తీసి తాళంచెవి మొనతో పిన్ను నొక్కి పెడతారు. నలువైపులా బుస్సుమని ఒకటే చప్పుడు. మేమెక్కిన బండి డ్రైవరు జగిత్యాల దిక్కు మనిషి. గేజీ పెట్టి చూసుకుంటూ 35 ఉన్న గాలిని 14కు దించాడు. టైరు కింద పక్కలు ఉబ్బి, బండి ఓ రెండు వేళ్లు కుంగింది. మాతో వచ్చిన పెద్దాయనకు గాభరా పుట్టింది. "పంక్చరైన బండి లెక్కనే ఉన్నది గదా, ఇట్ల పోతదా?" అని అడిగాడు. "తియ్యకుంటెనే పోదు బాపూ. ఇసుకల కూసుంటది" అని చెప్పి డ్రైవరు నాలుగో చక్రం దగ్గరికి నడిచాడు.

ఆ మాటలో ఉన్న భౌతికశాస్త్రం గురించే ఈ వ్యాసం. మన దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు కొనేవాళ్లు ఏటికేడు పెరుగుతున్నారు. ఇంజను ఎంత, గేర్లు ఎన్ని, నేల నుంచి ఎత్తెంత అని షోరూములో అన్నీ అడుగుతారు. నేలను తాకే వస్తువు గురించి మాత్రం అడిగేవాళ్లు తక్కువ. ఎంత గొప్ప ఇంజనైనా తన బలాన్ని నేలకు అందించాల్సింది నాలుగు రబ్బరు మచ్చల మీదుగానే. ఆ మచ్చ ఎంత పెద్దదో తేల్చేది టైరులోని గాలి.

లెక్క కష్టమేమీ కాదు. పంక్చర్ షాపులో మనం 30, 32 అని చెప్పే అంకె చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని. దాన్నే పీఎస్ఐ అంటారు. 14.2 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. మనుషులు, సామానుతో కలిపి మూడు టన్నులు తూగే బండిని తీసుకుందాం. చక్రానికి 750 కిలోల బరువు పడుతుంది. టైరులో 35 ఉంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు రెండున్నర కిలోలు మోస్తుంది. అంటే నేలను తాకే మచ్చ సుమారు 300 చదరపు సెంటీమీటర్లు, ఏ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే వచ్చేంత. అదే టైరును 14కు దించితే అదే బరువుకు 750 చదరపు సెంటీమీటర్లు కావాలి. అది ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది. నిజానికి టైరు పక్కగోడలు కూడా కొంత బరువు పంచుకుంటాయి కాబట్టి మచ్చ మరీ అంత పెరగదు. అయినా సగం కాగితం మీద నిలబడ్డ బండి పూర్తి కాగితం మీదికి వచ్చిందంటే నేలకు అది వేరే బండి కిందే లెక్క.

మనిషి ఒంటికాలి మీద నిలబడితే అరికాలి కింద ఒత్తిడి అయిదారు పీఎస్ఐ ఉంటుంది. అందుకే మనం నడిచి వెళ్లిన ఇసుకలోనే మన వెనక వచ్చిన కారు దిగబడుతుంది. ఒంటె పాదం వెడల్పుగా, మెత్తగా ఉండి, అడుగు వేసినప్పుడు విచ్చుకుంటుంది. గాలి తీసిన టైరు చేసేదీ ఆ పనే.

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గాలి తీస్తే టైరు వెడల్పవుతుందని అనుకుంటారు. ఎదురుగా నిలబడి చూస్తే పక్కలు ఉబ్బి అలాగే కనిపిస్తుంది కూడా. కానీ మచ్చ పెరిగేది ఎక్కువగా పొడవులో. ముందుకూ వెనక్కూ సాగి, యుద్ధట్యాంకు పట్టా మాదిరిగా నేల మీద పరుచుకుంటుంది. ఇసుకలో ఈ పొడవుకే విలువ. చక్రం దిగబడితే దాని ముందు ఇసుక గట్టులా పేరుకుంటుంది. చక్రం ఆ గట్టు ఎక్కాలని చూస్తుంది. ఎక్కేలోగా ఇంకో గట్టు లేస్తుంది. చదునైన నేల మీద కూడా బండి ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్నట్టే మూలుగుతుంది. మచ్చ పొడవైతే టైరు లోతుకు పోదు, గట్టు చిన్నదవుతుంది. ఇంజను మీద భారం తగ్గడం శబ్దంలోనే తెలుస్తుంది. సన్నటి టైర్లున్న పాత జీపులు కూడా తగినంత గాలి తీస్తే ఇసుకలో చక్కగా నడవడానికి కారణం ఇదే.

ఈ విద్యను ఎడారిలో సాధన చేసి నేర్చుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవలసింది రాల్ఫ్ బాగ్నోల్డ్ గురించి. 1920లలో ఈజిప్టులో పనిచేసిన బ్రిటిష్ సైనికాధికారి ఆయన. సెలవు దొరికితే మిత్రులతో కలిసి ఫోర్డ్ కార్లలో లిబియా ఎడారిలోకి వెళ్లేవాడు. ఒంటెలకే దారి అనుకున్న ఇసుక సముద్రంలో ఆ కార్లు నడిపాడు. టైర్లలో గాలి తగ్గించడం, దిగబడ్డ చక్రం కింద ఉక్కు పట్టీలు వేసి బయటికి లాగడం, రేడియేటరు నుంచి ఆవిరయ్యే నీటిని వృథా పోనీయకుండా మళ్లీ పట్టుకోవడం ఇవన్నీ ఆ ప్రయాణాల్లో పదునెక్కిన పద్ధతులే. ఈ రోజు మన అడ్వెంచర్ బండ్ల పైకప్పుకు కట్టుకునే రికవరీ పలకలు ఆ ఉక్కు పట్టీల మనవళ్లు. 1940లో సైన్యంలో ఎడారి లోలోపలికి చొచ్చుకుపోయే దళాన్ని కూడా ఆయనే స్థాపించాడు.

ఆయనలో నాకు బాగా నచ్చేది ఇంకో కథ. ఇసుక ఎందుకు అలా కదులుతుందో, తిన్నెలు ఎందుకు ఆ ఆకారంలోనే లేస్తాయో తేల్చుకోవాలని లండన్‌లో గాలి సొరంగం కట్టి ఇసుక రేణువులను ఎగరేసి కొలిచాడు. ఆ పరిశోధన 1941లో పుస్తకంగా వచ్చింది. అంగారక గ్రహం మీద క్యూరియాసిటీ రోవరు పరిశీలించిన ఇసుక తిన్నెలకు బాగ్నోల్డ్ పేరే పెట్టారు. ఇసుకలో కారు దిగబడి చిరాకుపడ్డవాళ్లు లక్షల మంది ఉంటారు. ఆ ఇసుకను అడిగి తెలుసుకున్నవాడు ఆయన.

తర్వాత ఇంజనీర్లు ఒక అడుగు ముందుకేశారు. 1942లో అమెరికన్లు తయారుచేసిన డక్ అనే ఉభయచర లారీలో, డ్రైవరు సీట్లోంచి కదలకుండానే టైర్లలో గాలి తగ్గించి పెంచుకునే ఏర్పాటు పెట్టారు. నీళ్లలోంచి తీరపు ఇసుక మీదికి ఎక్కేటప్పుడు తక్కువ, గట్టి రోడ్డు అందగానే ఎక్కువ. ఇక చంద్రుడి సంగతి. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 వ్యోమగాములు సామాను వేసుకుని లాగిన రెండు చక్రాల చేతిబండికి రబ్బరు టైర్లే ఉన్నాయి. వాటిలో నింపిన నైట్రోజన్ ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మాత్రమే. బయట గాలే లేనిచోట, భూమి మీద తూగే బరువులో ఆరో వంతే ఉన్నచోట అది చాలింది.

మరి ఎంత తీయాలి? అందరికీ సరిపడే ఒకే అంకె లేదు. పన్నెండు వందల కిలోల జిమ్నీకీ రెండున్నర టన్నుల లాండ్ క్రూయిజరుకూ ఒకే అంకె చెప్పేవాళ్ల మాట నమ్మవద్దు. డ్రైవరు వైపు తలుపు సందులో అతికించిన కాగితం మీద కంపెనీ చెప్పిన అంకె ఉంటుంది. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి. కంకర రోడ్డుకు అందులో నాలుగో వంతు తగ్గించవచ్చు. మెత్తని ఇసుకకు సగానికి దించవచ్చు. అప్పటికీ దిగబడితే, వేగం పెంచి చక్రం తిప్పకుండా ఇంకో రెండు తగ్గించాలి. చక్రం ఉన్నచోటే తిరిగితే అది బండిని కదపదు, గొయ్యి తవ్వుతుంది. ఇరుసు ఇసుకకు ఆనిందంటే ఇక పార పట్టాల్సిందే. దిగబడుతోందని అనిపించిన క్షణంలోనే ఆగి, వచ్చిన జాడలోనే వెనక్కి రావడం తెలిసిన డ్రైవరు లక్షణం. ఆగడం కూడా బ్రేకు గట్టిగా తొక్కి కాదు. యాక్సిలరేటరు వదిలేస్తే ఇసుకే ఆపుతుంది. బ్రేకు కొడితే చక్రాల ముందు ఇసుక కుప్పపడి, మళ్లీ కదలడానికి అదే అడ్డమవుతుంది.

గాలి తీసినందుకు మూల్యం కూడా ఉంది. టైరు రిమ్మును పట్టుకుని ఉండేది గాలి ఒత్తిడి వల్లే. 14, 15 దగ్గర స్టీరింగు ఒక్కసారిగా కోస్తే టైరు అంచు రిమ్ము నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. ట్యూబు ఉన్న టైరైతే రిమ్ము మీద జారి వాల్వు మెడ తెగుతుంది. అందుకని ఇసుకలో మలుపులు విశాలంగా తిప్పాలి, గంటకు 30, 40 కిలోమీటర్లు దాటకూడదు.

అసలు ప్రమాదం మాత్రం తారు రోడ్డు మీద ఎదురవుతుంది. టైరు ఒక్కో చుట్టుకూ పక్కగోడ ఒకసారి వంగి లేస్తుంది. గాలి తక్కువైతే ఎక్కువ వంగుతుంది. ఇనపతీగను అటూ ఇటూ వంచి చూడండి, వంగే చోట వేలికి వేడి తగులుతుంది. టైరులోనూ అంతే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు తొమ్మిది సార్లు తిరుగుతుంది. వేడి బయటికి పోయేలోగా కొత్త వేడి పుడుతుంది. రబ్బరుకూ లోపలి దారాలకూ ఉక్కు తీగలకూ ఉన్న అతుకు మెత్తబడి పొరలు విడిపోతాయి. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లవి. నేలను తాకే ట్రెడ్డు పొర ఊడి బండ్లు బోల్తాపడి 200 మందికి పైగా చనిపోయారు. తప్పు టైరుదా, బండిదా, బండికి సిఫారసు చేసిన 26 పీఎస్ఐ ఒత్తిడిదా అని రెండు సంస్థలూ వాదులాడుకున్నాయి. ఆ ఏడాదే అక్కడ చట్టం చేసి, తర్వాతి ఏళ్లలో టైరులో గాలి తగ్గితే డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు కొత్త బండ్లలో తప్పనిసరి చేశారు. కాబట్టి గాలి తీసే సాధనం కంటే ముందు గాలి కొట్టే కంప్రెసరు డిక్కీలో ఉండాలి. అది లేనివాళ్లు గాలి తీయకండి. ఇది నా గట్టి మాట.

రాళ్ల దారి కథ వేరు. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి జీపులు వెళ్లే దారి లాంటిది ఊహించుకోండి. ఇక్కడ దిగబడే భయం లేదు, కోసుకుపోయే భయం ఉంది. బిగదీసి ఊదిన బూరను వేలితో నొక్కితే టప్పున పేలుతుంది. సగం ఊదిన బూర వేలి చుట్టూ ముడుచుకుని ఒదిగిపోతుంది. కాస్త గాలి తగ్గిన టైరు మొనదేలిన రాయిని అలాగే తనలోకి ఇముడ్చుకుంటుంది. పట్టు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది, పంక్చర్లూ తగ్గుతాయి. అయితే మరీ తగ్గిస్తే ఉబ్బిన పక్కగోడ రాళ్లకు చిక్కుతుంది. నేలను తాకే ట్రెడ్డు కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. పక్కగోడలో ఉండేది చాలా టైర్లకు నూలులాంటి దారాల పొరే. అక్కడ కోత పడితే పంక్చర్ షాపువాడు చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. స్టెప్నీ దించుకోవలసిందే. అందుకే రాళ్లలో ఇసుక మాదిరి సగానికి దించకుండా 20, 22 దగ్గర ఆగి, మనిషి నడక వేగంతో వెళ్లాలి.

ఇక బురద. దీని గురించి తెలుగు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దమ్ము చేసే మడిలోకి ట్రాక్టరు దించేటప్పుడు ఇనుప దమ్ము చక్రాలు తగిలిస్తారు. పైన జారుడు బురద, కింద గట్టి పొర. ఇనుప పట్టీలు బురదను చీల్చుకుని దిగి పట్టు దొరకబుచ్చుకుంటాయి, పట్టీల సందుల్లోంచి బురద జారిపోతుంది. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుందని అధికారులు హెచ్చరిస్తుంటారు. మట్టి దారులకు ప్రత్యేకంగా చేసిన మడ్ టెరైన్ టైర్లది కూడా ఇదే పోకడ. పెద్ద పెద్ద గుబ్బలు, వాటి మధ్య వెడల్పాటి సందులు. చక్రం తిరిగేటప్పుడు సందుల్లోని మట్టి విసిరేసినట్టు బయటికి పోవాలి. కింద గట్టి నేల తగిలే బురదలో వెడల్పు టైరు తేలుతూ జారుతుంది, సన్నటి టైరు కోసుకుని దిగి నిలదొక్కుకుంటుంది. ఇసుకలో ఉపయోగపడే తేలే గుణం ఇక్కడ అక్కరకు రాదు.

తడిసిన నల్లరేగడి సంగతి మాత్రం మరీ మొండిది. ఆ బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బి, ఏ టైరు సందుల్లోనైనా కూరుకుని రెండు చుట్లలో దాన్ని గుండు టైరును చేసేస్తుంది. అప్పుడు నాలుగు చక్రాలూ తిరుగుతున్నా ఉపయోగం లేదు. వాన వెలిశాక దారి ఆరేదాకా ఆగడమే సరైన పద్ధతి. పొలాల మధ్య దారిని గాళ్లు పడేలా తొక్కి, ఆ ఊరి బండ్లకు పనికిరాకుండా చేయడం అడ్వెంచర్ అనిపించుకోదు.

టైరు ఎంపిక దగ్గరికి వస్తే, నూటికి తొంభై మందికి సరిపోయేది రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకమే. మడ్ టెరైన్ టైర్లు చూడ్డానికి వీరుడి కవచంలా ఉంటాయి. కానీ హైవే మీద హోరుమంటాయి, డీజిలు ఎక్కువ తాగిస్తాయి, వర్షంలో తారు రోడ్డు మీద బ్రేకు దూరం పెంచుతాయి. నేలను తాకే రబ్బరు తక్కువ కావడమే కారణం. మెత్తటి ఇసుకలో వాటి గుబ్బలు తవ్వడానికే సిద్ధంగా ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు బురదలోనే తిరిగే పని ఉంటే తప్ప వాటి జోలికి పోవద్దనే చెబుతాను.

దీనికంటే ముఖ్యమైన ప్రశ్న రిమ్ము సైజు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌నే చూడండి. దిగువ రకానికి 245/75 ఆర్16 టైర్లు, పై రకానికి 255/65 ఆర్18 టైర్లు ఇచ్చారు. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము కొలత. లెక్క వేస్తే మొదటిదాని పక్కగోడ 184 మిల్లీమీటర్లు, రెండోదానిది 166. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న బండికి మెరిసే పెద్ద రిమ్ము వచ్చింది, గాలి తీయడానికి ఉండాల్సిన జాగా తగ్గింది. గాలి తీసే విద్యంతా పక్కగోడ వంగడం మీదే ఆధారపడి ఉంది. అది పొట్టిదైతే రాయి తగిలినప్పుడు నేరుగా రిమ్ముకే దెబ్బ. దారి లేని చోట్లకు నిజంగా వెళ్లేవాళ్లు చిన్న రిమ్మునే ఎంచుకోవాలి. షోరూములో ఈ మాట చెప్పేవాళ్లు అరుదు.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఒకటి ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గుబ్బలు అరగకపోయినా ఏళ్లు గడిచిన రబ్బరు పెళుసుబారుతుంది. సెకండ్ హ్యాండ్ జీపు కొనేవాళ్లు ముందుగా చూడాల్సింది ఈ ముద్ర. స్టెప్నీ మీది ముద్రను మరీ ముఖ్యంగా చూడాలి.

గాలి అంకె నిలకడగా ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. సుమారు ఆరు డిగ్రీల వేడి పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుంది. లదాఖ్ వెళ్లేవాళ్లు ఎత్తుకు పోయేకొద్దీ టైరు పేలుతుందేమోనని భయపడుతుంటారు. ఖార్దుంగ్ లా కనుమ ఎత్తు సుమారు 5,350 మీటర్లు. అక్కడ బయటి గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగం. గేజీ చూపేది లోపలికీ బయటికీ ఉన్న తేడానే కాబట్టి, సముద్రమట్టంలో నింపిన టైరు అక్కడ ఏడు పీఎస్ఐ దాకా ఎక్కువ చూపించాలి. కానీ అక్కడి చలి లోపలి ఒత్తిడిని తగ్గిస్తుంది. 30 డిగ్రీల ఎండలో 32 పెట్టిన టైరు, సున్నా డిగ్రీల కనుమ మీద 34, 35 చూపిస్తుంది. భయపడి గాలి తీసేసి, కిందికి దిగాక మళ్లీ నింపడం మరిచిపోతేనే ప్రమాదం.

సరైన అంకె మీ బండికి ఎంతో తెలుసుకోవడానికి ఆస్ట్రేలియా దూరప్రాంతాల డ్రైవర్లు వాడే ఒక పద్ధతి చక్కగా పనికొస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవండి. గంటసేపు మామూలు వేగంతో నడిపి మళ్లీ కొలవండి. నాలుగు పీఎస్ఐ పెరిగితే సరిగ్గా ఉన్నట్టు. ఆరేడు పెరిగితే టైరు ఎక్కువ వంగి ఎక్కువ వేడెక్కింది. మరుసటి పొద్దున గాలి కాస్త పెంచాలి. ఒకటో రెండో పెరిగితే అవసరానికి మించి బిగిసి ఉంది. వేడికి పెరిగిన గాలిని అప్పటికప్పుడు తీసేయడం తప్పు. చల్లారాక టైరు మరీ తక్కువతో మిగులుతుంది.

లహ్‌బాబ్‌లో ఆ సాయంత్రం మా బండి తిన్నెల మీద గంటసేపు తిరిగి ఎక్కడా ఆగకుండా బయటికి వచ్చింది. తారు రోడ్డు అంచున డ్రైవరు మళ్లీ దిగి, కంప్రెసరు గొట్టం తగిలించి నాలుగు చక్రాలూ నింపాకే స్టీరింగు పట్టుకున్నాడు. చీకటి పడుతున్నా, వెనక సీట్లో పిల్లలు ఆకలంటున్నా తొందరపడలేదు.

గాలి తగ్గితే మచ్చ ఎలా పెరుగుతుందో మీ ఇంటి వాకిట్లోనే చూడవచ్చు. టైరు ట్రెడ్డుకు తడి ముగ్గుపిండి పూసి, నల్లటి అట్ట మీదికి మెల్లగా ఎక్కించి దించండి. మచ్చ పొడవు స్కేలుతో కొలవండి. 32 దగ్గర ఒకసారి, 18 దగ్గర ఒకసారి. రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి. ఆ తర్వాత బండి వీధిలోకి తీయకముందే గాలి మళ్లీ 32కు నింపండి.